బెజవాడ ఎండల్లో పాముకి ఇల్లు
ఇంట్లో పెంచుకునే కార్న్ స్నేక్ అనే పాముకి పెట్టె ఎలా కట్టాలో ఏ వీడియో చూసినా మొదటి మాట హీటరే. ఆ వీడియోలు తీసేవాళ్లవి చలి దేశాలు. మనకేమో మేలో 45 డిగ్రీలు! ఈ పాము సొంతూరు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు. పెట్టెలో ఒక పక్క 30 డిగ్రీల దాకా వెచ్చగా, ఇంకో పక్క 25 దగ్గర చల్లగా ఉంటే కావలసిన చోటికి తనే జరుగుతుంది. బెజవాడలో వెచ్చని పక్క ఉచితం, చల్లని పక్కకే కరెంటు బిల్లు. అందుకే పడమటి గోడకి దూరంగా, ఏసీ గదిలో పెట్టించాను. కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాట్ జనవరి రాత్రులకే, అదీ వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్‌తోనే.

ప్లైవుడ్ పెట్టె, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ముందు జరిపే అద్దాలు, గాలికి చిల్లులు. కొలతలు చూసి వడ్రంగి "దేవుడి మందిరమా బాబూ?" అన్నాడు. పాముకని చెప్తే, "అయితే మందిరమేగా" అని దణ్ణం పెట్టి మరీ రంపం తీశాడు.

అద్దాలకి తాళం తప్పనిసరి. తల దూరే సందు దొరికితే చాలు, ఒళ్లంతా బయటికొచ్చేస్తుంది. దాక్కునే గూళ్లు రెండుండాలి, వెచ్చని వైపొకటి, చల్లని వైపొకటి. ఒక్కటే ఉంటే భయానికి దాక్కుని, ఒంటికి పడని వేడిలోనే ఉండిపోతుంది.

అమ్మ నాగులచవితి పాల సంగతెత్తింది. పాలు తాగదమ్మా, విషం లేదు, ఎలుకలు తింటుందన్నాను. "మరి ఇంత ఖర్చెందుకురా, వంటింట్లో వదిలేయ్!"

వీధి ఎలుకలు పెడితే పాముకి రోగాలొస్తాయని చెప్పాను. గడ్డకట్టించిన ఎలుకలు ఫ్రీజర్‌లో పెట్టాలన్న మాట మాత్రం ఇంకా ఎత్తలేదు.