ఆరభికీ దేవగాంధారికీ తేడా తెలియని కంప్యూటర్

పాట వినిపిస్తే అది ఏ రాగమో చెప్పే ప్రోగ్రామ్ రాస్తానని మా అమ్మాయి బడి ప్రాజెక్టుకు పేరిచ్చింది. ఇంట్లో కంప్యూటర్ ఒక మూల, తంబూర పెట్టె ఇంకో మూల ఉంటాయి. ఈ రెండింటికీ తానే పొత్తు కుదురుస్తుందని నేను అనుకోలేదు.

విదేశంలో పిల్లలను పెంచే మాలాంటి వాళ్లం సంగీతం క్లాసు మీద అది మోయలేనంత బరువు పెడతాం. కృతులు పాడితే తెలుగు దానంతటదే వస్తుందని, త్యాగరాజు పేరు తెలిస్తే తాము ఎక్కడివాళ్లో తెలుస్తుందని ఆశ. కాలేజీ దరఖాస్తులో ఒక వాక్యానికి పనికొస్తుందన్న ఆశ కూడా ఉంటుంది, పైకి అనం. పిల్లలకు ఇవేవీ పట్టవు. వాళ్లకు ఏదో ఒకటి అర్థం కాకుండా అడ్డుపడాలి, అప్పుడే దాని వెంట పడతారు.

మా అమ్మాయికి అడ్డుపడినవి ఆరభి, దేవగాంధారి అనే రెండు రాగాలు.

ప్రోగ్రామ్ చేసే పని ఇది. గొంతులోని శ్రుతిని సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తుంది. షడ్జమం, అంటే ఆధార స్వరమైన ‘స’ ఎక్కడుందో చూసుకుని, మిగతా స్వరాలను దానితో పోల్చి, గొంతు ఏ స్వరస్థానంలో ఎంతసేపు ఉందో లెక్క కడుతుంది. ఆ లెక్కను బట్టి రాగం పేరు చెబుతుంది. మొదట తంబూర పంచమాన్నే గొంతు అనుకుని, పిల్ల ఊపిరి తీసుకునేటప్పుడు కూడా ‘పా’ పాడుతోందని చూపించింది. అది సరిచేశాక మోహన, కల్యాణి తేలిగ్గా దొరికాయి. ఒకదానిలో లేని స్వరాలు ఇంకోదానిలో ఉన్నాయి కాబట్టి దొరకక ఏం చేస్తాయి?

ఆరభి, దేవగాంధారి అలా కాదు. రెండూ 29వ మేళకర్త (మూల రాగం) ధీరశంకరాభరణానికి జన్యాలే, అంటే దాన్నుంచి పుట్టినవే. ఎక్కేటప్పుడు స రి మ ప ధ స, దిగేటప్పుడు స ని ధ ప మ గ రి స. రెండింటికీ అవే స్వరాలు, అదే వరుస. ప్రోగ్రామ్ ఒకసారి ఇది అంటుంది, ఇంకోసారి అది అంటుంది. కోడ్‌లో తప్పుందేమోనని అమ్మాయి వెతికింది, నన్నూ వెతకమంది. నాదీ కంప్యూటర్ ఉద్యోగమే. వరుస వరుసా చూశాను, కోడ్ శుభ్రంగా ఉంది.

గురువుగారు ఉండేది ఇండియాలో, పాఠం వీడియో కాల్‌లో. ఆ యాప్ ఎడతెగకుండా వినిపించే శబ్దాన్ని రొదగా లెక్కగట్టి తీసేస్తుంది. తంబూర అంటేనే ఎడతెగని నాదం కదా! ఆ సెట్టింగు ఆపేదాకా ఆవిడ తంబూర మాకు వినిపించనే లేదు. శబ్దం చేరడానికి పట్టే ఆలస్యం వల్ల ఇద్దరూ కలిసి తాళం వేయడమూ కుదరదు. ఆవిడ పాడాలి, పిల్ల విని పాడాలి.

ఆ రోజు ఆవిడ రెండు రాగాలనూ ఒకదాని వెంట ఒకటి పాడి వినిపించారు. ఆరభిలో స్వరాలు చురుగ్గా, పెద్దగా ఊగకుండా, నిలబడి నడిచాయి. దేవగాంధారిలో అవే స్వరాలు తీరిగ్గా సాగుతూ, కంపిస్తూ, ఒకదానిలోకి ఒకటి జారాయి. వివరణ ఏమీ ఇవ్వలేదు. “విన్నావా అమ్మా? ఇప్పుడు నువ్వు పాడు” అన్నారు, అంతే.

అమ్మాయి ప్రాజెక్టు నివేదికలో ఇలా రాసుకుంది: “రాగమంటే స్వరాల జాబితా అనుకున్నాను. కంప్యూటర్ కూడా అలాగే అనుకుంది, దానికి చెప్పింది నేనే కాబట్టి.” లెక్క కట్టే తొందరలో ఏ స్వరం తర్వాత ఏది వచ్చింది, దాని దగ్గరికి గొంతు ఎలా వెళ్లింది అన్నది తానే పారేశానని కింద వివరించింది.

అక్కడి నుంచి అమ్మాయి కోపం మిడి (MIDI) మీదికి మళ్లింది. వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన ప్రమాణం అది. అందులో 0 నుంచి 127 వరకు అంకెలు, అంకెకో మెట్టు. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం కావాలంటే దాన్ని వంచమని వేరే సందేశం పంపాలి. “మనకు ప్రాణమైనది వాళ్లకు అదనపు సామానా?” అని నన్ను నిలదీసింది, అదేదో నేనే తయారుచేసినట్టు. నాకైతే అందులో కుట్ర కనిపించలేదు. మెట్ల వాద్యం ముందున్నవాళ్లు తమకు కావలసింది తయారుచేసుకున్నారు. మనకు కావలసిందాన్ని మనవాళ్లూ చేసుకున్నారని చెప్పి, సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ స్కాన్ తీసి చూపించాను.

1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో అచ్చయిన పుస్తకం, తెలుగు లిపిలో. స్వరాక్షరాలకు గమకాల గుర్తులు ఉంటాయి. స్వరం ఊగే కంపితానికి అలల గీత, పైకి జారడానికి ఒక ఏటవాలు గీత, కిందికి జారడానికి దానికి ఎదురు గీత. అమ్మాయి ఫోనులో ఆ పేజీని పెద్దది చేసి, దాని పక్కన తన ప్రోగ్రామ్ గీసిన శ్రుతి రేఖను పెట్టింది. తెర మీద దేవగాంధారి రేఖ కూడా అలలు అలలుగానే ఉంది. “నాన్నా, ఈయన చెవితో విని గ్రాఫ్ గీశాడు!” అంది.

దాంతో తెలుగు గడగడా చదివేస్తోందనుకునేరు. సప్తస్వరాల అక్షరాలు గుర్తుపడుతుంది, సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి ఫోను నా చేతికిస్తుంది. పుస్తకం ముందుమాటలో ఏముందని అడిగింది. ఆ గ్రాంథికం నాకే నెమ్మదిగా సాగుతోంది. రాత్రి భోజనాలయ్యాక కాస్త కాస్త చదివి చెబుతున్నాను.

ప్రోగ్రామ్‌ను ఇప్పుడు తిరగరాస్తోంది. స్వరాల మొత్తాలు పక్కనపెట్టి, చిన్న చిన్న సంచారాలను (రాగంలో స్వరాలు నడిచే పోకడలను), అందులో శ్రుతి కదిలిన తీరును పోల్చాలని ప్రయత్నం. దానికి రెండు రాగాల్లోనూ బోలెడు పాట కావాలి. గురువుగారిని రికార్డు చేసి పంపమని అడిగింది. తప్పకుండా పంపుతానన్నారు, కాకపోతే ముందు దేవగాంధారిలో తన ఆలాపన పంపమన్నారు. అమ్మాయి ఇంకా పంపలేదు. కోడ్ సిద్ధంగా ఉంది, గొంతే సిద్ధం కావాలట.