కార్తేజ్ కట్టిన వాయిదాలు

రోమ్‌కీ, ఉత్తర ఆఫ్రికా తీరంలోని కార్తేజ్ నగరానికీ జరిగిన ప్యూనిక్ యుద్ధాల గురించి ఎవరు మొదలుపెట్టినా కార్తేజ్ సేనాని హానిబల్, అతని ఏనుగులు, ఆల్ప్స్ కొండల దగ్గరే ఆగిపోతారు. ఉద్యోగమంతా బ్యాంకు లోన్ల సెక్షన్‌లో చేసినదాన్ని కదా, నా కళ్లు మాత్రం సంధి షరతుల మీదకే పోతాయి. బాకీ ఎంత, వాయిదాలెన్ని, గడువెంత అని.

మొదటి యుద్ధం (క్రీ.పూ. 264–241) సిసిలీ కోసం, ఎక్కువగా సముద్రం మీద. 255లో ఒక్క తుఫానుకే 364 రోమన్ ఓడల్లో 80 మాత్రం మిగిలాయని గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ రాశాడు. చివరికి రోమ్ ఖజానా ఖాళీ. కలిగినవాళ్లు ఒక్కరో, ఇద్దరు ముగ్గురు కలిసో తలా ఓడ కట్టించారు. గెలిస్తేనే డబ్బు వాపసు! అలాంటి ఫైలు నా టేబుల్ మీదకొస్తే మారుమాట లేకుండా తిప్పి పంపేదాన్ని. కానీ ఆ 200 ఓడలే సిసిలీ పక్కన ఏగేట్స్ దీవుల దగ్గర గెలిచి యుద్ధాన్ని ముగించాయి.

కార్తేజ్ కట్టాల్సింది 2,200 టాలెంట్ల వెండి, 20 ఏళ్ల గడువు అని సేనాపతులు ముందు అనుకున్నారు. టాలెంట్ అంటే దాదాపు 26 కిలోలు. రోమ్‌లో జనం ఒప్పుకోలేదు. ఇంకో 1,000 టాలెంట్లు కలిపి, గడువు పదేళ్లకు కుదించారు. అంటే అప్పటికి రోమ్‌కి కావలసింది డబ్బు, అదీ తొందరగా. ఆ తర్వాత కిరాయి సైనికుల తిరుగుబాటుతో కార్తేజ్ సతమతమవుతుంటే, సార్డీనియాని లాక్కుని పైన 1,200 టాలెంట్లు వేశారు. ఒప్పందంలో లేని వడ్డింపు ఇది. రెండో యుద్ధానికి పెద్ద కారణం ఇదేనన్నాడు పాలీబియస్. నేనూ అదే అంటాను.

రెండో యుద్ధం (218–201) సంగతి అందరికీ తెలిసిందే కనుక కానే, జామా పోరాటాలు దాటేసి సంధి కాగితం దగ్గరకే వస్తాను. ఓడిన కార్తేజ్ కట్టాల్సింది 10,000 టాలెంట్లు, ఏడాదికి 200 చొప్పున 50 ఏళ్లు. యుద్ధనౌకలు పదికి మించకూడదు. రోమ్ అనుమతి లేకుండా యుద్ధానికి దిగకూడదు. మొన్న పదేళ్లకు కుదించినవాళ్లు ఈసారి యాభై ఏళ్లు ఇచ్చారంటే జాలిపడి అనుకునేరు!

199లో మొదటి వాయిదా వెండిని కరిగించి చూస్తే నాలుగో వంతు కల్తీ. తెచ్చినవాళ్లు రోమ్‌లోనే అప్పు చేసి లోటు పూడ్చారు. మూడేళ్లకు హానిబల్ అధికారంలోకొచ్చి పద్దులు తిరగేశాడు. పెద్దమనుషులు మింగిన సొమ్ము కక్కిస్తే కొత్త పన్ను వెయ్యకుండానే రోమ్ బాకీ కట్టొచ్చని తేల్చాడు. మింగినవాళ్లు ఊరుకుంటారా? రోమ్‌కి చాడీలు మోశారు. 195లో ఆయన ఊరొదిలి పారిపోవాల్సి వచ్చింది. ఏనుగుల హానిబల్ కంటే ఈ హానిబలే నాకు ఇష్టం.

191లో కార్తేజ్ మిగతా బాకీ అంతా ఒకేసారి కట్టేస్తానంది. వడ్డీ లేని బాకీని నలభై ఏళ్ల ముందే తీరుస్తానంటే ఏ బ్యాంకయినా ఎగిరి గంతేస్తుంది. రోమ్ మాత్రం గడువుకు ముందు పైసా వద్దంది. ప్రీక్లోజర్‌కి ఒప్పుకోని అప్పులవాడు అసలు కోసం కూర్చోలేదని నాకు అక్కడే అర్థమైంది. బాకీ ఉన్నన్నాళ్లూ అవతలివాడు ఏటా గుమ్మంలోకి రావాలి.

చివరి వాయిదా 151లో కట్టేశారు. రెండేళ్లు తిరక్కుండా రోమ్ దండెత్తింది. సాకు లేకపోలేదు. పక్కనున్న నుమిడియా రాజు మసినిస్సా ఏళ్ల తరబడి కార్తేజ్ భూములు కబళిస్తుంటే, పంచాయితీకి వెళ్లిన ప్రతిసారీ రోమ్ అతని కొమ్ము కాసింది. ఓపిక పట్టలేక కార్తేజ్ అనుమతి లేకుండా అతని మీద కత్తి దూసింది.

మూడోదాన్ని (149–146) యుద్ధమనడానికి నాకు నోరు రాదు. ముందు 300 మంది పిల్లల్ని బందీలుగా అడిగారు, పంపారు. ఆయుధాలు అడిగారు, ఇచ్చేశారు. చరిత్రకారుడు అప్పియన్ లెక్కలో రెండు లక్షల మందికి సరిపడా సామగ్రి, 2,000 రాళ్లు విసిరే యంత్రాలు. అన్నీ చేతికొచ్చాక, ఊరు ఖాళీ చేసి సముద్రానికి 15 కిలోమీటర్లు లోపలికి పొమ్మన్నారు. ఓడరేవు మీద బతికే జనాన్ని! అప్పుడు తిరగబడ్డారు. కొత్త యంత్రాలకు తాళ్లు లేకపోతే ఆడవాళ్లు జుట్టు కోసిచ్చారు. ఖాళీ చేతులతో మొదలైన ఊరు మూడేళ్లు నిలబడింది.

146లో ఆరు రోజులు వీధుల్లో కొట్లాట సాగాక, కోటలో లొంగిన 50,000 మందిని బానిసలుగా తీసుకున్నారు. ఈసారి సంధీ లేదు, వాయిదాలూ లేవు. కార్తేజ్ నేలను ఆఫ్రికా అనే ప్రావిన్స్‌గా కలుపుకుని, అక్కడ మిగిలినవాళ్ల మీద భూమి పన్ను, తల పన్ను వేశారు.