లౌక్యం అంటే ఏమిటమ్మా?

"అంటే అబద్ధం రాయమంటున్నావా?" అని అడిగాడు మా అబ్బాయి, మార్కర్‌కి మూత పెట్టేసి.

వాడికి పన్నెండేళ్ళు. స్కూల్లో స్టూడెంట్ కౌన్సిల్‌కి నిలబడ్డాడు. డైనింగ్ టేబుల్ మీద పోస్టర్ పరుచుకుని కూర్చున్నాం. జిమ్ పక్కన పాడైపోయిన నీళ్ళ కుళాయి బాగుచేయించమని అడుగుతాను, లంచ్ టైములో లైబ్రరీ తెరిచి ఉంచమని అడుగుతాను అని రెండు లైన్లు రాశాడు. మూడోది ఖాళీ. "శుక్రవారాలు హోంవర్క్ ఉండదు అని రాయి నాన్నా, అందరూ నీకే వేస్తారు" అన్నాను. అది నా చేతుల్లో లేదమ్మా, టీచర్లు కదా ఇచ్చేది అన్నాడు. రాయడానికేముంది, గెలిచాక చూసుకుందాం అన్నాను. అప్పుడే ఆ మూత పడింది.

అబద్ధం కాదురా, లౌక్యం అన్నాను. లౌక్యం అంటే ఏమిటమ్మా? ఇంగ్లీషులో ఏం చెప్పాలో తోచలేదు. స్మార్ట్‌నెస్ అన్నాను, అది కాదనిపించి డిప్లొమసీ అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అబద్ధం చెప్పినా ఎవరూ తిట్టకపోతే దాన్ని లౌక్యం అంటారా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. చిన్నప్పుడు వీడికి అన్నం తినిపిస్తూ హరిశ్చంద్రుడి కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మళ్ళీ నేనే, పోయినేడాది వాళ్ళ నాన్న ఉద్యోగం పోయినప్పుడు, వీడియో కాల్‌లో తాతయ్యకి చెప్పొద్దని మూడు నెలలు వీడి నోరు నొక్కాను. వాడు ఒక్కసారి కూడా చెప్పలేదు. అది మాత్రం ఎందుకు విన్నాడో నేనెప్పుడూ అడగలేదు.

పోస్టర్ రెండు లైన్లతోనే వెళ్ళింది. వారానికోసారి పిజ్జా పెట్టిస్తానన్న అబ్బాయి గెలిచాడు.

వీడు పెద్దగా బాధపడలేదు, రెండురోజులు అన్నం సయించనిది నాకు. మూడోరోజు బడి నుంచి వచ్చి, "అమ్మా, మన వాల్టర్ మాండేల్ కూడా ఇలాగే ఓడిపోయాడట" అన్నాడు. మేముండేది మిన్నెసోటాలో, ఆయన ఇక్కడివాడే. ఇన్నేళ్ళుగా ఉంటున్నా ఆయన పేరు తప్ప నాకేం తెలియదు. ఆ రాత్రి కూర్చుని చదివాను. 1984 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెమోక్రటిక్ పార్టీ మహాసభలో, అప్పటి అధ్యక్షుడు రీగన్ మీద అధ్యక్ష అభ్యర్థిగా నిలబడి, దేశమంతా టీవీల్లో చూస్తుండగా అన్నాడట: రీగన్ పన్నులు పెంచుతారు, నేనూ పెంచుతాను, ఆయన మీకు చెప్పరు, నేను ఇప్పుడే చెప్పాను అని. ప్రభుత్వ బడ్జెట్ లోటు అంతంత పెరిగిపోతుంటే పన్నులు పెంచక తప్పదని ఆయన లెక్క. నవంబరులో రీగన్‌కి 49 రాష్ట్రాలు, 525 ఎలక్టోరల్ ఓట్లు. మాండేల్‌కి మిన్నెసోటా, రాజధాని వాషింగ్టన్ కలిపి 13.

ఆ ఒక్క మాట వల్లే ఓడిపోయాడని అనలేను. ఆర్థిక పరిస్థితి కోలుకుంటోంది, రీగన్ అంటే జనానికి ఇష్టం, పన్నుల ఊసెత్తకపోయినా ఓడిపోయేవాడేమో. కానీ నాలుగేళ్ళ తర్వాత సీనియర్ బుష్ కొత్త పన్నులు వేయనే వేయనని మాటిచ్చి గెలిచాడు, 1990లో పన్నుల పెంపుకి ఒప్పుకున్నాడు, 1992లో ఓడిపోయాడు. చూశావా అమ్మా, మాట తప్పితే ఓడిపోయాడు కదా అన్నాడు మావాడు. అవును నాన్నా అన్నాను. మధ్యలో నాలుగేళ్ళు ఆయన అధ్యక్షుడుగా ఉన్నాడు కదా అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. హరిశ్చంద్రుడికైతే చివర్లో రాజ్యం తిరిగొచ్చింది. మాండేల్ 2002లో సెనేట్‌కి నిలబడితే ఈ మిన్నెసోటాలో కూడా ఓడిపోయాడు. ఇది పిల్లవాడికి అన్నం ముద్దలతో చెప్పే కథ కాదు.

ఇక్కడ పెరిగే పిల్లలకి కాస్త లౌక్యం నేర్పాలి, లేకపోతే వెనకబడిపోతారు అని కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకి నేనే చెబుతుంటాను. యథార్థవాది లోకవిరోధి అని మా అమ్మ అనేది, అది నా నరాల్లో ఉంది. కానీ నిజంగా నేను భయపడింది వాడు వెనకబడతాడని కాదేమో. ఆ బడిలో వాడి పేరు పలకడానికి ఇంకా తడబడతారు. వాళ్ళంతా కలిసి మావాణ్ణి ఎన్నుకోవాలి, మావాడు వాళ్ళలో ఒకడు అనిపించుకోవాలి, అది నా కళ్ళారా చూడాలి. దానికోసం ఒక లైను అబద్ధమైతే ఏం అనుకున్నాను. వాడికి ఆ అవసరం ఉందో లేదో నాకు తెలియదు, నాకైతే ఉంది.

నిన్న రాత్రి పడుకోబోతూ అడిగాడు, "అమ్మా, నువ్వైతే మాండేల్‌కి వేసేదానివా?"

వేసేదాన్ని అన్నాను, వెంటనే.

2020 మార్చి 3న మిన్నెసోటా ప్రైమరీ, అంటే ట్రంప్ మీద డెమోక్రటిక్ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లు ఎంచుకునే ఎన్నిక. పౌరసత్వం వచ్చాక అదే నా మొదటి ఓటు. నాకు నచ్చిన అభ్యర్థి ఒకరున్నారు, సూటిగా మాట్లాడే మనిషి. గుళ్ళో, ఆఫీసులో, ఫోన్లలో అందరిదీ ఒకటే ప్రశ్న, ట్రంప్‌ని ఓడించగలిగేదెవరు అని. అక్కడ మన ఊళ్ళో గెలుపు గుర్రం అంటారు చూడండి, అదే. లోపల బ్యాలెట్ మీద పెన్ను పెట్టి చాలాసేపు నిలబడ్డాను, చివరికి గెలుస్తారనుకున్నవాళ్ళకి వేసి వచ్చేశాను. ఏడేళ్ళవాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. నాకిచ్చిన స్టిక్కర్ తన జాకెట్‌కి అంటించుకుని ఇంటిదాకా తడుముకుంటూనే వచ్చాడు.

ఆ సంగతి వాడికింకా చెప్పలేదు.