సూపర్ కప్ ఫైనల్‌కి బరంపురం నుంచి వెళ్లొచ్చిన వైనం

ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ చూడాలంటే నెల ముందే తేదీ చూసుకుని రైలు రిజర్వేషన్ చేయించుకోవచ్చు. నాకౌట్ కప్పుకి, అంటే ఓడిన జట్టు అక్కడితో ఇంటికెళ్లే పోటీకి, ఆ సుఖం లేదు. మన జట్టు సెమీస్ గెలిచిన రాత్రి దాకా ఫైనల్ మనదో కాదో తేలదు. తేలాక రైల్లో బెర్తు దొరకదు. 2024 జనవరిలో భువనేశ్వర్‌లో జరిగిన కళింగ సూపర్ కప్ ఫైనల్‌కి నేనూ మా చిన్నాన్నా వెళ్లొచ్చాం. ఇటు గంజాం, గజపతి జిల్లాల నుంచి, ఇచ్ఛాపురం నుంచి వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మా చిన్నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో చేసి రిటైరై బరంపురం వచ్చేశాడు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సంగతి తెలిసిందే కదా, ఇంట్లో గోంగూర, మైదానంలో కలకత్తా క్లబ్బులు. ఈయనది ఈస్ట్ బెంగాల్. నాది భువనేశ్వర్ జట్టు ఒడిశా ఎఫ్‌సీ. ఆయన దృష్టిలో మాది నిన్నగాక మొన్న పుట్టిన జట్టు.

సూపర్ కప్ అంటే కొత్తగా వచ్చిందేమీ కాదని ఆయనే చెప్పాడు. 1977 నుంచి ఫెడరేషన్ కప్ ఉండేది. దాని చివరి ఫైనల్ 2017లో మన కటక్ బారాబతి స్టేడియంలోనే జరిగింది. బెంగళూరు ఎక్స్‌ట్రా టైమ్‌లో మోహన్ బగాన్‌ని 2-0తో కొట్టింది. మరుసటి ఏడాది నుంచి దాని స్థానంలో సూపర్ కప్ మొదలైంది. 2018, 2019 ఫైనల్స్ రెండూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే. 2023లో కప్పు కేరళకి వెళ్తే, కోజికోడ్‌లో బెంగళూరుని 2-1తో ఓడించి ఒడిశా తెచ్చుకుంది. అంటే 2024లో మాది డిఫెండింగ్ ఛాంపియన్ హోదా, పైగా సొంత మైదానం. చిన్నాన్న లెక్క వేరు. ఈస్ట్ బెంగాల్ జాతీయ స్థాయిలో కప్పు పట్టింది 2012 ఫెడరేషన్ కప్‌లో. "పన్నెండేళ్లయిందిరా కప్పు మొహం చూసి" అని పొద్దుటి కాఫీతో మొదలెట్టేవాడు.

ఆ ఏడాది పూర్తి నాకౌట్ కాదు. పదహారు జట్లు, నాలుగు గ్రూపులు, గ్రూపుకి ఒక్క జట్టే సెమీస్‌కి. రెండో స్థానానికి విలువ లేదు కాబట్టి గ్రూపు మ్యాచ్‌లు కూడా నాకౌట్‌లాగే నడిచాయి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఒకే గ్రూపులో పడ్డాయి. ఆ రెండు కలకత్తా జట్ల పోరు, అంటే డెర్బీలో, ఈస్ట్ బెంగాల్ 3-1తో గెలిచిన రోజు చిన్నాన్న వీధిలో అందరికీ జిలేబీ పంచాడు. మోహన్ బగాన్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా తిన్నారు.

సెమీస్‌లో ఈస్ట్ బెంగాల్ జంషెడ్‌పూర్‌ని, ఒడిశా ముంబై సిటీని దాటాయి. ఫైనల్ జనవరి 28, ఆదివారం. శుక్రవారం రిపబ్లిక్ డే, ఆపైన శని, ఆదివారాలు. ఆ మూడు రోజుల సెలవులకి రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టే. టిక్కెట్ల పని భువనేశ్వర్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడికి అప్పజెప్పి, మేం ప్రయాణం సంగతి చూసుకున్నాం.

ఇక్కడే ఒక మాట. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు అని నేను ముందే గట్టిగా చెప్పాను. చిన్నాన్న రైల్వే మనిషి, బస్సంటే చిన్నచూపు. కూర్చోబెట్టి లెక్క చెప్పాను. మ్యాచ్ తొంభై నిమిషాలు, మధ్యలో విరామం పదిహేను. సమమైతే ఎక్స్‌ట్రా టైమ్ ముప్పై. అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. పోయిన సమయం కలుపుకుంటే మూడు గంటలకి దగ్గర పడుతుంది. రాత్రి మొదలయ్యే ఫైనల్‌కి ఫలానా రైలు పట్టుకోవాలనుకుంటే ఎనభయ్యో నిమిషం నుంచి గడియారమే చూస్తాం, బంతిని కాదు. భువనేశ్వర్‌లోని బరముండా బస్టాండు నుంచైతే బరంపురం వైపు రాత్రి బస్సులుంటాయి. ఒకటి పోతే ఇంకొకటి.

పోయేటప్పుడు జనరల్ బోగీ. బాలుగాం దాకా నిలబడే వెళ్లాం. చిలికా కిటికీలోంచి కాదు, ఎవరి చంక సందులోంచో కనబడింది. భువనేశ్వర్‌లో దిగగానే ప్లాట్‌ఫారం నిండా ఎరుపు పసుపు జెర్సీలు. కలకత్తా నుంచి వచ్చిన జనం. చిన్నాన్న వాళ్లతో బెంగాలీలో కలిసిపోయాడు, ఆయన్ని విడదీసి ఆటో ఎక్కించడానికి నాకు తాతలు దిగొచ్చారు.

గేటు దగ్గర సంచీ తెరిచి చూస్తారు, నీళ్ల సీసా బయటే. పులిహోర రైల్లోనే ముగించడం మంచిదయింది. సీట్లు ఒడిశావాళ్ల మధ్యలో. చిన్నాన్నకి ముందే చెప్పాను, గోలు పడితే లేవద్దని.

మొదట గోలు మాదే. డియెగో మౌరీసియో కొట్టగానే స్టాండు మొత్తం లేచింది, చిన్నాన్న తప్ప. రెండో సగంలో ఈస్ట్ బెంగాల్ నందకుమార్ సమం చేశాడు. పెనాల్టీతో సౌల్ క్రెస్పో వాళ్లని ముందుకి తెచ్చాడు. ఆపైన మా ముర్తాదా ఫాల్‌కి రెడ్ కార్డు. పది మందితో ఒక గోలు వెనక. జనం మెట్ల వైపు కదలడం మొదలెట్టారు. అప్పుడు, పోయిన సమయానికి బదులు కలిపే ఇంజురీ టైమ్ కూడా అయిపోవస్తుండగా, మాకు పెనాల్టీ. అహ్మద్ జాహూ కొట్టాడు. 2-2. మెట్ల మీదున్నవాళ్లు మళ్లీ పరుగెత్తుకొచ్చారు. నేను అరిచిన అరుపుకి రెండ్రోజులు గొంతు పెగల్లేదు.

ఎక్స్‌ట్రా టైమ్‌లో వాళ్ల సౌవిక్ కూడా రెడ్ కార్డుతో వెళ్లిపోయాడు. కాళ్లు లాగేస్తున్నాయి అందరికీ, చూసే మాకే లాగేస్తున్నాయి. 111వ నిమిషంలో మా డిఫెన్స్ తడబాటు, క్లీటన్ సిల్వా గోలు. 3-2. చెప్పిన మాట గంగలో కలిపి చిన్నాన్న లేచి ఎగిరాడు. పక్కన కూర్చున్న ఒడియా కుర్రాడు ఆయన వయసు చూసి నవ్వి ఊరుకున్నాడు. బుద్ధిమంతుడు.

బయటికొచ్చేసరికి ఆటోలు అడిగిందే రేటు. బరముండా వైపు కొంత దూరం నడిచి, అక్కడ ఎక్కితే సగానికి వచ్చారు. బస్సు దొరికింది, సీటూ దొరికింది. తెల్లారేలోపు బరంపురంలో ఉన్నాం. ఆ రాత్రి రైలు పెట్టుకుని ఉంటే జాహూ పెనాల్టీకి మేం స్టేషన్ దారిలో ఉండేవాళ్లం. బస్సే నయమని చిన్నాన్న ఒప్పుకోలేదుగానీ, మళ్లీ రైలు మాట ఎత్తలేదు.

2025లో కప్పు మళ్లీ కళింగలోనే పెట్టారు, ఈసారి తొలి మ్యాచ్ నుంచే నాకౌట్. మొదటి రోజే ఈస్ట్ బెంగాల్ కేరళ బ్లాస్టర్స్ చేతిలో 0-2తో ఇంటికెళ్లింది. మా ఒడిశా పంజాబ్ చేతిలో 0-3తో పోయింది. మే 3న గోవా, జంషెడ్‌పూర్ ఫైనల్‌కి పోదాం రమ్మంటే, ఈస్ట్ బెంగాల్ లేని ఫైనల్‌కి బస్సు ఛార్జీ దండగ అన్నాడు.