పంచ్‌వీస్ అంటే 52 రాసేవాడు

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరొంచ పక్క పల్లె. గోదావరి దాటితే కాళేశ్వరం. ఇక్కడ పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నేను పుట్టి పెరిగింది అవతలి ఒడ్డున, చదివింది తెలుగు మీడియం. పెళ్లయి వచ్చాక బజార్లో మరాఠీ మాట్లాడటం నేర్చుకున్నాను గానీ, అంకెల దగ్గరకొచ్చేసరికి వేళ్లు చూపించి నెట్టుకొచ్చేదాన్ని.

మా చిన్నోడు రెండో తరగతికి వచ్చాక లెక్కల నోటు సంచిలో పెడుతుంటేనే కడుపునొప్పి అనేవాడు. తెరిచి చూస్తే అన్నీ ఎర్ర గీతలే. సారు పంచ్‌వీస్ (ఇరవై ఐదు) అంటే వీడు 52 రాశాడు. తిట్టాను, వీపు మీద ఒకటి వేశాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఎందుకంటే వాడు విన్నది విన్నట్టే రాశాడు. మనం ఇరవై ఐదు అంటాం, ముందు ఇరవై, తర్వాత ఐదు, రాసేదీ అదే వరసలో. మరాఠీలో ఐదు ముందొస్తుంది, ఇరవై వెనకొస్తుంది. 29 ఇంకా ఘోరం, ఏకోణ్‌తీస్, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఆ మాటలో రెండూ వినపడదు, తొమ్మిదీ వినపడదు. దానికి తోడు మరాఠీలో రాసే ఒకటి అచ్చం ఇంగ్లిషు 9 లాగే ఉంటుంది. ఏడేళ్ల పిల్లాడికి టెన్షన్ రాక ఏమొస్తుంది?

ఇది మావాడి ఒక్కడి బాధ కాదని తర్వాత తెలిసింది. 2019లో మహారాష్ట్ర బడి పుస్తకాలు వేసే బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో ఏక్‌వీస్‌తో పాటు 'వీస్ ఏక్' (ఇరవై ఒకటి) అని చదివే పద్ధతి కూడా పెట్టారు. ఆ కమిటీకి పెద్ద మంగళా నార్లీకర్ అనే గణిత పండితురాలు. భాష పాడైపోతుందని గొడవ మొదలై అసెంబ్లీ దాకా పోయింది. నాకైతే ఆవిడదే సబబు అనిపించింది, తెలుగుదాన్ని కదా మరి. మావాడి క్లాసులో మాత్రం పాత వరసే.

ట్యూషన్ పెడదామనుకుంటుంటే మా అత్తమ్మ అటక మీంచి వామనగుంటల పీట దించింది. ఇటు ఏడు గుంటలు, అటు ఏడు, గుంటకి నాలుగు చింతగింజలు. చదువు మాట ఎత్తొద్దని నాకు గట్టిగా చెప్పింది. ఓడిపోతే ఉడుక్కునేవాడు. గెలవాలంటే ఏ గుంటలోంచి తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవాలి, అది లెక్కే అని వాడికి ఎవరూ చెప్పలేదు. పది రోజులయ్యేసరికి గింజలు ముట్టుకోకుండా పెదాలు కదుపుతూ, కళ్లతోనే పంచుకుంటూ పోవడం చూశాను. పక్కింటి పిల్లలు కూడా చేరారు, సాయంత్రమైతే మా అరుగు మీద ఒకటే గోల.

రాత్రి పడుకున్నాక ఇంకో ఆట. నేను తెలుగులో అంకె చెప్తే వాడు మరాఠీలో చెప్పాలి, తర్వాత వాడు అడిగితే నేను చెప్పాలి. ఎక్కువ తప్పులు నావే. అమ్మకి రాదన్న సంతోషంతోనే వాడు సగం నేర్చుకున్నాడు. ఏకోణ్ దగ్గర ఇద్దరం ఆగిపోతే అత్తమ్మ చీకట్లోంచి "ఒకటి ఎవడో ఎత్తుకుపోయిన అంకెరా అది" అనేది.

ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోత మొదలైంది. మా వైపు కట్టకి 70 ఆకులు, అవతల తెలంగాణలో 50. అత్తమ్మ ఐదేసి ఆకులు పేర్చి, పద్నాలుగు పేర్పులు కాగానే నారతో బిగిస్తుంది. వాడు పక్కన కూర్చుని చాలాసేపు చూసి, "బాపమ్మా, గుంటలు కూడా పద్నాలుగే కదా, గుంటకి ఐదు గింజలేస్తే ఒక కట్ట" అన్నాడు. ఇన్నేళ్లుగా పీటా చూస్తున్నాను, కట్టలూ కడుతున్నాను, నాకెప్పుడూ తట్టలేదు. వాడు లోపలికి పరిగెత్తి పీట తెచ్చాడు. గింజలు చాలకపోతే చింతపండు బుట్టలో వెతికి మరీ నింపాడు. ఒకసారి మరాఠీలో, ఒకసారి తెలుగులో లెక్కపెట్టాడు. రెండుసార్లూ డెబ్బై వచ్చింది.

ఇక మర్నాటి నుంచి మా కట్టలన్నీ వాడి చేతిలోంచే ఆకు కొనే కల్లానికి పోవాలి. నాది ఒకటి తీసుకుని ఐదేసి తిరగేసి, "అమ్మా, నీది ఏకోణ్‌సత్తర్" అన్నాడు. అదెంతో అని నేను వేళ్లు మడుస్తుంటే అత్తమ్మ ఒక ఆకు తీసి నా కట్టలోకి తోసింది.