ఫ్లాస్కులో మంచు, కెటిల్లో ఆవిరి: గుప్తోష్ణం లెక్కలు

మంచు గుప్తోష్ణం (ఉష్ణోగ్రత పెరగకుండా కరగడానికే పట్టే వేడి) కొలత ఈ వారం ఒక కొలిక్కి వచ్చింది. పెద్ద సామానేం అక్కర్లేదు: స్టీలు ఫ్లాస్క్, గ్రాము వరకు చూపే కిచెన్ స్కేల్, డిగ్రీలో పదో వంతు చూపే డిజిటల్ థర్మామీటర్.

ఫ్లాస్కులో 50 డిగ్రీల నీళ్లు 300 గ్రాములు పోసి, 80 గ్రాముల మంచు వేశాను. ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే మంచు సున్నా కంటే బాగా కిందే ఉంటుంది. ముక్కలు తెల్లటి పొడిదనం పోయి తడిగా మెరిసేదాకా ఆగి, అప్పుడు టిష్యూతో గట్టిగా అద్దాలి. అసలు పనితనమంతా ఈ అద్దడంలోనే ఉంది. ముక్కలకు అంటుకుని 4 గ్రాముల నీళ్లు లోపలికి వెళ్లినా ఫలితం దాదాపు 5 శాతం తగ్గిపోతుంది, ఆ నీళ్లు ముందే కరిగాయి కదా.

మూత పెట్టి మెల్లగా తిప్పితే 23.0 డిగ్రీల దగ్గర నిలబడింది. నీళ్లు వదిలిన వేడి 33,858 జూళ్లు. మంచు కరిగి వచ్చిన నీళ్లు 0 నుంచి 23కి చేరడానికి 7,691 ఖర్చు. మిగతాదంతా కరగడానికే, అంటే గ్రాముకు 327 జూళ్లు. అసలు విలువ 334.

నీళ్లతో పాటు ఫ్లాస్కు కూడా చల్లబడుతుంది కాబట్టి దాని వాటా కలపాలి. 25 డిగ్రీల ఖాళీ ఫ్లాస్కులో 70 డిగ్రీల నీళ్లు 200 గ్రాములు పోస్తే 68.4కి దిగాయి. అంటే లోపలి గోడ డిగ్రీకి సుమారు 30 జూళ్లు పట్టుకుంటుంది. అది కలిపితే 337 వచ్చింది. గదిలోకి పోయే కాస్త వేడి వల్ల ఈ విలువ కొంచెం ఎక్కువగానే రావాలి. ఉష్ణగతిక శాస్త్రం మొదటి నియమం (శక్తి పుట్టదు, నశించదు) ఇంత చిన్న ఫ్లాస్కులోనూ జూళ్లకు లెక్క చెప్పిస్తోంది!

నాకు ఇంకా నచ్చింది రెండో నియమం: ఎంట్రోపీ, అంటే శక్తి ఎంత చెదిరిపోయిందో చెప్పే కొలత, మొత్తం మీద తనంతట తాను తగ్గదు. కెల్విన్లలో ఎంట్రోపీ లెక్క వేస్తే నీళ్లు, ఫ్లాస్కు కలిసి 112 జూళ్లు/కెల్విన్ పోగొట్టుకున్నాయి, మంచు 126 సంపాదించింది. నికరంగా 14 పెరిగింది. వేడి లెక్క ఎటు నడిచినా సరిపోతుంది. గోరువెచ్చని నీళ్లు తమంతట తాము మళ్లీ మంచుగా, వేడినీళ్లుగా ఎందుకు విడిపోవో చెప్పేది ఆ 14.

ఆవిరి పని తేలిక. ప్లగ్ మీటర్లో కెటిల్ 1,420 వాట్లు లాగుతోంది. మూత తెరిచి ఉంచితే నాది ఆగకుండా మరుగుతుంది (చెయ్యి ఆవిరికి దూరంగా ఉండాలి, నీళ్లు అడుగంటకూడదు). 3 నిమిషాల్లో 110 గ్రాములు తగ్గింది, గ్రాముకు 2,324 జూళ్లు. 100 డిగ్రీల దగ్గర ఉండాల్సింది 2,257. తూచేటప్పుడు కెటిల్‌ని బేస్ నుంచి ఎత్తి తూచాలి. వైరు స్కేల్‌ని లాగితే గ్రాములు తారుమారవుతాయి.

తర్వాత కొలవబోయేది సోడియం అసిటేట్ ట్రైహైడ్రేట్ అనే లవణం. 58 డిగ్రీల దగ్గర కరిగి, గది ఉష్ణోగ్రతకు వచ్చినా ద్రవంగానే ఉండిపోతుంది. చిన్న స్ఫటికం వేయగానే గడ్డకడుతూ వేడెక్కుతుంది. ఆ వేడిని ఇదే ఫ్లాస్కులో కొలవాలి.