బావ లిస్టు, ఉదయగిరి, భైరవకోన

మా బావది ఒక టైపు టూరు, నాది ఇంకో టైపు. ఆయన ముందురోజు రాత్రే ఫోన్లో లిస్టు రాసిపెట్టుకుంటాడు, ఏ ఊరికి ఎన్నింటికి చేరాలి, టిఫిన్ ఎక్కడ, ఫోటోలకి ఎంతసేపు, అంతా. నాకేమో చెట్టు కింద కాస్త నీడ కనపడితే చాలు, ఇంక లేవబుద్ధి కాదు. ఇట్టాంటోళ్ళం ఇద్దరం అక్కని మధ్యలో పెట్టుకొని ఒకే కార్లో నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి బయల్దేరినాం, కార్తీకమాసం కాబట్టి ఎండ పెద్దగా లేదు.

ఉదయగిరి కోట ఊరికే చూసి దిగొచ్చేది కాదబ్బా. ఒడిశా రాజులు గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని 1514లో కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు, అదీ ఏడాదిన్నర ముట్టడి తర్వాత. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి ఏకంగా గుడే కట్టించాడు. రాయలంతటోడికి ఏడాదిన్నర పట్టిన కోటకి మా బావ లిస్టులో ఇచ్చింది గంటన్నర! మెట్లెక్కుతా ఎక్కుతానే "టైమైపోతా ఉంది, కానీండి" అంటాడు. నేను మాత్రం కూలిన గోడ మీద కూర్చొని గాలి పీలుస్తా కింద ఊరు చూసుకుంటా ఉండిపోయినా, పిలిచీ పిలిచీ ఆయనే ముందు దిగిపోయాడు.

కింద ఊళ్ళో అక్క చెక్క చెంచాలు చేసే ఇంటి దగ్గర ఆగిపోయింది. ఉదయగిరి చెక్క గరిటెలు, ఫోర్కులకి 2015లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకతే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది, ఎక్కువగా ఆడవాళ్ళే చెక్కుతారు. వాళ్ళ చేతులు చూస్తా ఉంటే ఎవరికైనా అడుగు కదలదు. ఇది లిస్టులో లేదని బావ మొహం మాడ్చుకున్నాడు గానీ బేరం మటుకు ఆయనే చేశాడు, అదొక్కటీ ఎవరికీ వదలడు.

అక్కణ్ణించి పోయిన భైరవకోన దగ్గర మాత్రం ఆయన పద్ధతే పనికొచ్చింది, ఒప్పుకోవాల. ఒకే కొండని తొలిచి ఎనిమిది శివాలయాలు, ఒకటి ఉత్తరం వైపు చూస్తా ఉంటుంది, మిగతా ఏడూ తూర్పు వైపు. శశినాగ లింగం, భర్గేశ్వర లింగం అని పేర్లతో సహా ముందే చదువుకొనొచ్చి ఒక్కొక్కటే చూపించాడు, నా ఇష్టానికి వదిలేసుంటే జలపాతం దగ్గర నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని కూర్చొని సగం గుహలు చూడకుండానే తిరిగొచ్చేదాన్ని. కానీ ఆ నీళ్ళ దగ్గర కూర్చోకుండా వచ్చేస్తే అంత దూరం పోయింది దేనికి? ఫోటోలు దిగి పరిగెత్తేవాళ్ళని చూస్తే నాకు జాలే.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం ఏందంటే మధ్యాహ్నం దాకా బావ లిస్టు, తర్వాత ఎవరిష్టం వాళ్ళది. మీరూ భైరవకోన పోతే వానలు పడినాక పోండి, నీళ్ళు బాగుంటాయి. చుట్టూ అడవే, మాలాగ పులిహోర కట్టుకొని పోతే ఏ బాధా లేదు, కోతులతోనే కాస్త జాగ్రత్త.